ఆఫీసు లెటర్లలో తప్పులు పంపేశాకే కనపడుతున్నాయి. ప్రూఫ్ రీడింగ్, బిజినెస్ రైటింగ్ ఎలా నేర్చుకోవాలి?

సాయంత్రం_షిఫ్ట్:

అందరికీ నమస్తే అండి. నాలుగేళ్లు డేటా ఎంట్రీ చేసి ఈమధ్యే కోఆర్డినేషన్ పనిలోకి మారాను. ఇప్పుడు పొద్దున లేస్తే రాతపనే, కస్టమర్లకి లెటర్లు, మీటింగ్ మినిట్స్, నెలాఖరు రిపోర్టు, మధ్యలో లెక్కలేనన్ని మెయిల్స్. ఇంగ్లీష్ రాక కాదు, చదివితే అర్థమవుతుంది, ఫోన్‌లో బాగానే మాట్లాడతాను, రాసేటప్పుడే ఎక్కడో తేడా కొడుతుంది.

పోయిన నెల జరిగింది చెప్తాను, నా ఇబ్బంది ఏంటో మీకే తెలుస్తుంది. ఒక కస్టమర్‌కి 15వ తారీఖు లోపు సరుకు పంపలేమని ముందు చెప్పి ఉన్నాం, తర్వాత స్టాక్ వచ్చింది కాబట్టి ఇప్పుడు పంపగలం, "వుయ్ ఆర్ నౌ ఏబుల్ టు డెలివర్" అని లెటర్ రాయాలి. నేను నౌ దగ్గర నాట్ అని కొట్టాను. ఇంగ్లీష్‌లో ఒక్క అక్షరమే తేడా. మూడుసార్లు చదివాను, స్పెల్ చెక్ వేశాను, ఒక్క ఎర్ర గీత లేదు, పంపేశాను. వాళ్లు అది చదివి వేరే చోట ఆర్డర్ పెట్టేసుకున్నారు. మా మేనేజర్ గారు ఒక్క మాట అనలేదు, ఆ లెటర్ ప్రింట్ తీసి ఆ మాట చుట్టూ సున్నా చుట్టి నా టేబుల్ మీద పెట్టి వెళ్లారు. అరిచినా ఇంత బాధ ఉండేది కాదు.

మూడుసార్లు చదివినా నా కంటికి ఎందుకు ఆనలేదో నాకు నిజంగా అర్థం కాలేదు. దీనికి కోర్సు ఏదైనా చెయ్యాలా, గ్రామర్ మొదటి నుంచి చదవాలా, లేక ఏదైనా సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే సరిపోతుందా? ఇంకో విషయం, నా మెయిల్స్ పొడుగ్గా ఉంటాయని, చివరిదాకా చదివితే గానీ ఏం కావాలో తెలియట్లేదని కూడా అంటున్నారు. రెండూ ఒకటే సమస్యా, వేరు వేరా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

పాత_ప్రెస్:

అమ్మా, నేను చాలా ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు, అంటే అచ్చుకి ముందు సరిచూసే ప్రతులు, దిద్దినవాణ్ణి కాబట్టి మొదటి సగానికి నేను చెప్తాను, రెండో సగం వేరే వాళ్లు చెప్తారు. రెండూ వేరు వేరే. రాయడం ఒక పని, దిద్దడం ఇంకో పని.

మూడుసార్లు చదివినా కనపడలేదన్నావు కదా, నువ్వు చదవలేదు కాబట్టి కనపడలేదు. అజాగ్రత్త అనట్లేదు. కన్ను వాక్యం మీద నదిలా పారదు, గెంతుతూ పోతుంది, ఒక్కోచోట ఆగుతుంది, మధ్యలో ఉన్నదాన్ని మెదడు తనకు తెలిసినదాంతో పూరించుకుంటుంది. నువ్వే రాసిన లెటర్‌లో ఏముండాలో నీకు ముందే తెలుసు, అందుకని కాగితం మీద నాట్ అని ఉన్నా నీ మనసు నౌ అనే చదివింది, మూడుసార్లూ అదే చదివింది. ముప్పైసార్లు చదివినా అంతే. కాబట్టి ఎక్కువసార్లు చదవడం మందు కాదు, వేరేలా చదవడం మందు.

మా ప్రెస్సులో కాపీ హోల్డర్ అని ఒక మనిషి ఉండేవాడు, రాతప్రతి చేతిలో పట్టుకుని పైకి చదవడం అతని పని, నేను ప్రూఫు ముందు పెట్టుకుని వింటూ దిద్దేవాణ్ణి. ఊరికే మాటలు చదవడం కాదు, కామా, ఫుల్‌స్టాప్, కొత్త పేరా, అన్నీ పైకి చెప్పేవాడు. అంకెలొస్తే పన్నెండు వందల యాభై అనకుండా ఒకటి, రెండు, ఐదు, సున్నా అని విడివిడిగా చదివేవాడు. చెవికి విన్నది, కంటికి కనపడింది కలవకపోతే అక్కడ చెయ్యి ఆగిపోతుంది. నీకు కాపీ హోల్డర్ దొరకడు, కానీ వర్డ్‌లో రీడ్ అలౌడ్ అని ఉంది, రివ్యూ ట్యాబ్‌లో. అది నీ మనసులో ఉన్నది చదవదు, కాగితం మీద ఉన్నదే చదువుతుంది. ఆ రోజు అది వేసుకుని ఉంటే నాట్ అని స్పష్టంగా వినపడేది.

ఇంకో పని, అచ్చు మార్చు. స్క్రీన్ మీద రాసినదాన్ని ప్రింట్ తీసి చూడు, కుదరకపోతే ఫాంట్ మార్చి సైజు పెంచు. లైన్లు వేరే చోట విరుగుతాయి, అదే ఉత్తరం కొత్తగా కనపడుతుంది. కింద స్కేలు పెట్టుకుని ఒక్కో లైను దింపుకుంటూ రా. ఇంగ్లీష్ లెటర్‌లో లైను చివర ఒక "ద" (the), తర్వాతి లైను మొదట్లో ఇంకో "ద" పడితే కన్ను ఎప్పుడూ దాటిపోతుంది, స్కేలు ఉంటే ఆగుతుంది.

అచ్చుతప్పుల్ని అప్పుతచ్చులు అని మనవాళ్లు ఊరికే అనలేదు, ముద్రారాక్షసం అని పేరు పెట్టింది కూడా అందుకే, ఎంత చూసినా ఒకటి దాక్కునే ఉంటుంది. తెలుగులో ఒక్క కొమ్ము ఎగిరిపోతే ముందు కాస్తా మందు అవుతుంది. రెండూ మంచి మాటలే, ఏ మెషీనూ పట్టుకోదు. నీ నౌ, నాట్ కథ కూడా అదే.

నీ ఒక్కదానికే జరిగిందని మనసులో పెట్టుకోకు. బ్రిటన్‌లో కంపెనీల రిజిస్టర్ చూసే కంపెనీస్ హౌస్ 2009లో టేలర్ అండ్ సన్ అనే కంపెనీ మూతపడినట్టు రాయబోయి టేలర్ అండ్ సన్స్ అనే వేరే కంపెనీ పేరు మీద రాసేసింది. ఒక్క ఎస్ అక్షరం. కొద్ది రోజుల్లోనే సరిదిద్దారు కానీ ఈలోపు ఆ మాట బయటికి పాకిపోయి సరుకిచ్చేవాళ్లు, అప్పిచ్చేవాళ్లు వెనక్కి తగ్గి ఆ కంపెనీ నిజంగానే కూలిపోయింది. 2015లో అక్కడి హైకోర్టు బాధ్యత రిజిస్ట్రార్‌దే అని తీర్పిచ్చింది. పేర్లు అక్షరం అక్షరం చూడమని మా ప్రెస్సు పెద్దాయన ఎందుకు చెప్పేవాడో ఆ వార్త చదివినప్పుడు నాకు మళ్లీ గుర్తొచ్చింది.

కీబోర్డ్_కిట్టు:

పెద్దాయన చెప్పిందంతా కరెక్ట్, నేను టూల్స్ గురించి రెండు ముక్కలు చెప్తా. స్పెల్ చెక్ క్లీన్‌గా వచ్చింది అంటే తప్పుల్లేవని కాదు అక్కా, అసలు అది చూసిందో లేదో కూడా చూసుకోవాలి. వర్డ్‌లో ఆప్షన్స్, ప్రూఫింగ్‌లోకి వెళ్తే పూర్తిగా క్యాపిటల్స్‌లో ఉన్న మాటల్ని వదిలెయ్యమని ఒక టిక్ ఉంటుంది, అది పెట్టి ఉంటే, మనం హెడ్డింగ్ మొత్తం క్యాపిటల్స్‌లో కొడితే దాన్ని అది చూడనే చూడదు. అంకెలు కలిసిన మాటల్ని వదిలేసే టిక్ ఇంకోటి. వేరే ఫైల్ నుంచి కాపీ చేసి పేస్ట్ చేసిన పేరాకి ఒక్కోసారి స్పెల్లింగ్ చెక్ చెయ్యొద్దు అనే సెట్టింగ్ కూడా అంటుకుని వస్తుంది, ఆ పేరాలో ఏం రాసినా ఎర్ర గీత రాదు, రివ్యూలో లాంగ్వేజ్ దగ్గర సెట్ ప్రూఫింగ్ లాంగ్వేజ్ తెరిస్తే ఆ టిక్ కనపడుతుంది తీసేయండి.

ఇంకా ఫారం, ఫ్రం తారుమారు, మేనేజర్‌లో ఒక ఏ ఎగిరిపోతే పశువుల తొట్టి అనే ఇంకో మాట అవుతుంది, ఇలాంటివి మీరు తరచూ చేసేవి రాసిపెట్టుకుని పంపే ముందు కంట్రోల్ ఎఫ్‌తో ఒక్కోటి వెతకండి. నాట్ అని వెతికితే ఎన్ని చోట్ల వచ్చిందో అన్నీ చూపిస్తుంది, ఒక్కోచోట ఉండాలా వద్దా చూసుకోవచ్చు. పాత లెటర్ మీద కొత్తది కొట్టే అలవాటుంటే పాత కస్టమర్ పేరు వెతకడం మాత్రం అస్సలు మర్చిపోవద్దు.

జీమెయిల్ అయితే అన్‌డూ సెండ్ 30 సెకన్లకి పెట్టుకోండి, మామూలుగా 5 సెకన్లే ఉంటుంది, క్లాసిక్ ఔట్‌లుక్‌లో మెయిల్ కొన్ని నిమిషాలు ఆగి వెళ్లేలా రూల్ పెట్టుకోవచ్చు. టు దగ్గర అడ్రస్ అన్నిటికన్నా చివర్లో నింపండి, సగం రాసింది పొరపాటున కూడా వెళ్లదు.

సింపుల్‌గా_చెప్తా:

ఇంత కష్టం దేనికండి, ఇప్పుడు ఏఐ ఉంది కదా, డ్రాఫ్ట్ పేస్ట్ చేసి సరిచెయ్యి అంటే క్షణంలో చేసి ఇస్తుంది. నేను రోజూ అదే చేస్తున్నా, ఇంతవరకు ప్రాబ్లం రాలేదు.

డ్రాఫ్ట్_రెండు:

నేను పదిమంది రాసినవి చూసి బయటికి పంపే పనిలో ఉన్నాను, పైన చెప్పిన ఏఐ మాటకి ముందు జవాబు చెప్పి అసలు విషయానికి వస్తాను. వాడొద్దు అనను, గ్రామర్ తప్పులు బాగా పడుతుంది, వాక్యం తేలిక చేస్తుంది. కానీ ఈవిడ లెటర్ ఇస్తే "వుయ్ ఆర్ నాట్ ఏబుల్" అనే వాక్యంలో అది ఏం తప్పు పడుతుంది? గ్రామర్ ప్రకారం అది నిక్షేపంలాంటి వాక్యం. స్టాక్ వచ్చిందన్న సంగతి ఈవిడకే తెలుసు, దానికి తెలీదు. పైగా మరింత మర్యాదగా, పంపలేకపోతున్నందుకు చింతిస్తున్నాం అని రాసిచ్చినా ఇస్తుంది. ఆటోకరెక్ట్ తెచ్చే చిక్కు కూడా ఇలాంటిదే, ఒకప్పుడు స్పెల్ చెకర్లు కోఆపరేషన్ అనే మాటని కూపర్టినో అనే ఊరి పేరుగా మార్చేస్తే అంతర్జాతీయ సంస్థల కాగితాల్లోకి కూడా అలాగే ఎక్కింది, ఆ రకం తప్పులకి కూపర్టినో ఎఫెక్ట్ అనే పేరే పడింది. ఇంకోటి, కస్టమర్ పేర్లు, రేట్లు, కాంట్రాక్టు మాటలు బయటి టూల్‌లో పేస్ట్ చెయ్యొచ్చో లేదో మీ ఆఫీసులో ముందు అడగండి, అడక్కుండా మాత్రం వద్దు.

ఇక మీ మెయిల్స్ పొడుగవడం గురించి. నేను చాలామంది డ్రాఫ్టులు చూసి గమనించింది ఒకటి చెప్తాను. తెలుగులో క్రియ చివర వస్తుంది, కారణాలు ముందు చెప్పుకుంటూ పోతాం, ఫలానాది జరిగినందువల్ల, దానివల్ల ఇలా అయినందువల్ల, కాబట్టి సెలవు కావాలి అంటాం. వినేవాళ్లు మన ఎదురుగా ఉంటారు, ఆగుతారు, తెలుగులో అది సహజం, అందంగా కూడా ఉంటుంది. అదే వరసలో ఇంగ్లీష్ మెయిల్ రాస్తే అసలు కావల్సింది ఆఖరి లైన్లో పడుతుంది, చదివేవాళ్లు ఫోన్‌లో మొదటి రెండు లైన్లు చూసి పక్కన పెట్టేస్తారు. మీకు గ్రామర్ రాకపోవడం కాదు సమస్య, వరస. అమెరికా సైన్యంలో దీనికి బ్లఫ్ (బాటమ్ లైన్ అప్ ఫ్రంట్) అని ఒక పొట్టి పేరుంది, తేలిన విషయం ముందు చెప్పు, కారణం తర్వాత చెప్పు అని.

మీరు ఈమధ్య రాసిన మెయిల్ ఒకటి పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, చూద్దాం.

సాయంత్రం_షిఫ్ట్:

థాంక్యూ అండి, ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు. వరస సంగతి చదవగానే నా సెంట్ ఐటమ్స్ తెరిచి చూశాను, నిజమే, పది మెయిల్స్‌లో తొమ్మిది అలాగే ఉన్నాయి. మొన్న అకౌంట్స్ వాళ్లకి రాసింది ఇది, నేను ఇంగ్లీష్‌లో రాసినదాన్ని అదే వరసలో తెలుగులో పెడుతున్నా.

సబ్జెక్ట్: ఇన్‌వాయిస్ గురించి.
"పై విషయానికి సంబంధించి తమకు తెలియజేయునది ఏమనగా, గత వారం సిస్టమ్ అప్‌డేట్ జరిగినందున, దాని కారణంగా పాత రేటు ఇన్‌వాయిస్‌లో నమోదైనందున, కస్టమర్ ఆ విషయంలో అభ్యంతరం తెలిపినందున, మా టీమ్ పరిశీలన జరపగా అది వాస్తవమేనని తేలినందున, దయచేసి తగు చర్య తీసుకోగలరు."

వాళ్లు రెండ్రోజులు జవాబివ్వలేదు, ఫోన్ చేస్తే మేమేం చెయ్యాలో మాకు అర్థం కాలేదండి అన్నారు.

డ్రాఫ్ట్_రెండు:

వాళ్లన్నది న్యాయమే. తగు చర్య అంటే ఏ చర్య? ఇన్‌వాయిస్ రద్దు చెయ్యాలా, క్రెడిట్ నోట్ ఇవ్వాలా, కస్టమర్‌తో మాట్లాడాలా? డూ ద నీడ్‌ఫుల్ అని రాసిన ప్రతిచోటా ఆ నీడ్‌ఫుల్ ఏంటో మాటల్లో పెట్టండి, సగం ఫోన్లు తగ్గుతాయి. నేనైతే ఇలా రాస్తాను, నంబర్, రోజులు ఊహించి పెట్టాను.

సబ్జెక్ట్: ఇన్‌వాయిస్ 4471 కొత్త రేటుతో మళ్లీ కావాలి, గురువారం లోపు.
"ఇన్‌వాయిస్ 4471 రద్దు చేసి కొత్త రేటుతో గురువారం మధ్యాహ్నం 3 గంటల లోపు ఇవ్వగలరా? గత వారం అప్‌డేట్ తర్వాత ఇందులో పాత రేటు పడింది. కస్టమర్ చెప్పారు, మేం చూశాం, నిజమే. సరైన రేట్ల షీట్ అటాచ్ చేశాను. శుక్రవారం వాళ్లు పేమెంట్లు వేస్తారు, అది దాటితే వచ్చే నెలకి పోతుంది."

మీ కారణాలు ఒక్కటి కూడా పోలేదు చూడండి, స్థానం మారిందంతే. కొత్తగా చేరినవి ఏం కావాలి, ఎప్పటికి కావాలి, ఆ రోజుకే ఎందుకు. గడువు పెట్టినప్పుడు దాని వెనక కారణం ఒక్క ముక్కలో చెప్తే ఆజ్ఞాపించినట్టు ఉండదు, అర్థం చేసుకుంటారు. పరిశీలన జరపగా అనేది చూశాం అయింది. ఇంగ్లీష్‌లో కూడా అంతే, డ్యూ టు ద ఫ్యాక్ట్ దట్ అంటే బికాజ్, ఎట్ దిస్ పాయింట్ ఇన్ టైమ్ అంటే నౌ, మేక్ ఎ డెసిషన్ అంటే డిసైడ్. రివర్ట్ బ్యాక్ అని రాయకండి, రివర్ట్ అంటే జవాబివ్వడం అని మన దగ్గర వాడతాం గానీ బయటి దేశాల్లో చాలామందికి అది పాత స్థితికి వెళ్లడమే, రిప్లై అని రాస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

పెద్ద మాటలు రాస్తేనే ఆఫీసు భాష అనే భ్రమ చాలామందికి ఉంది, నాకూ చాలాకాలం ఉండేది. బ్రిటన్‌లో ప్లెయిన్ ఇంగ్లీష్ క్యాంపెయిన్ 1979లోనే మొదలైంది, అమెరికాలో 2010లో ప్రభుత్వ కాగితాలు తేలిక భాషలో ఉండాలని చట్టమే వచ్చింది, 2023లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ కూడా తేలిక భాషకి ఒక స్టాండర్డ్ ఇచ్చింది, దాని సారం చదివేవాళ్లకి కావల్సింది దొరకాలి, దొరికింది అర్థమవ్వాలి, అర్థమైంది వాడుకోగలగాలి అని. మీ మెయిల్‌ని ఆ మూడు ప్రశ్నలు అడగండి చాలు. వాక్యానికి సగటున 15 నుంచి 20 మాటలు అని ప్లెయిన్ ఇంగ్లీష్ వాళ్లు చెప్తారు, వాళ్ల సైట్‌లో బరువు మాటలకి తేలిక మాటల లిస్టు ఉచితంగా ఉంది, ప్రింట్ తీసి పెట్టుకోండి.

కోర్సు అడిగారు. ముందే డబ్బు పెట్టకండి. గ్రామర్ మొదటి నుంచి చదవడం కూడా అక్కర్లేదు, మీరు ఎక్కడ జారుతున్నారో అదే చదవండి. మన భాషలో ఎ, ఎన్, ద లాంటివి లేవు కాబట్టి మనలో ఎక్కువమంది అక్కడ తడబడతారు, తర్వాత హ్యావ్ డన్ ఎస్టర్‌డే లాంటి టెన్స్ తప్పులు, డిస్కస్ అబౌట్ లాంటి అదనపు మాటలు. పర్డ్యూ యూనివర్సిటీ వాళ్ల ఆన్‌లైన్ రైటింగ్ ల్యాబ్‌లో వీటి మీద పాఠాలు ఉచితంగానే ఉన్నాయి. మీ మేనేజర్ గారు దిద్దిన కాగితం ఒక్కటి కూడా పారెయ్యకండి, ఒక నోట్‌బుక్‌లో ఎడమ పక్క మీరు రాసింది, కుడి పక్క ఆయన దిద్దింది రాసుకుంటూ వెళ్లండి. కొన్నాళ్లకి అవే నాలుగైదు తప్పులు తిరిగి తిరిగి వస్తున్నాయని మీకే కనపడుతుంది, మీకు కావల్సిన కోర్సు అదే.

పాత_ప్రెస్:

నోట్‌బుక్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. నేను అంకెల గురించి చెప్పడం మర్చిపోయాను, దానికోసం మళ్లీ వచ్చాను.

అన్నీ ఒకేసారి చూడాలనుకోకమ్మా. ఒక చుట్టు భావం కోసం, ఒక చుట్టు పేర్ల కోసమే, ఒక చుట్టు అంకెలు, తేదీల కోసమే చూడు. అంకెల చుట్టులో వాక్యాలు చదవకు. తేదీ పక్కన వారం రాసి ఉంటే క్యాలెండర్ తెరిచి చూడు, మంగళవారం 14 అని రాసి ఉంటుంది, ఆ నెల 14 బుధవారం అయ్యుంటుంది, రెండింట్లో ఏది నిజమో చదివేవాడికి తెలీదు. మొత్తం అని రాసినచోట మళ్లీ కూడు. మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాస్తే రెండూ కలుస్తున్నాయా చూడు. అనుబంధం 3 చూడండి అని ఉంటే అసలు మూడోది ఉందా చూడు. 03/04 అని ఎప్పుడూ రాయకు, కొందరికి అది ఏప్రిల్ మూడు, కొందరికి మార్చి నాలుగు, నెల పేరు అక్షరాల్లో రాస్తే గొడవ లేదు. ఆఖర్న హెడ్డింగు ఇంకోసారి చూడు, పెద్ద అక్షరాల్లో ఉన్న తప్పే అందరికీ దాటిపోతుంది, అంత పెద్దగా ఉన్నది తప్పై ఉండదని కన్ను నమ్మేస్తుంది.

రాసిన వెంటనే దిద్దకు. కనీసం లేచి కాసేపు వేరే పని చేసి రా. అర్జంటు అయితే పక్కవాళ్లకిచ్చి నువ్వు వాళ్లది చూడు.

సాయంత్రం_షిఫ్ట్:

మూడు వారాలైంది, అప్‌డేట్ పెడదామని వచ్చాను. నోట్‌బుక్ పెట్టాను. ఇప్పటికి 41 తప్పులు ఎక్కాయి, వాటిలో 17 "ద" దగ్గరే, నేను అనుకున్నట్టు స్పెల్లింగ్ కానే కాదు. మా పక్క సీటు అక్క, నేను ఒకరి లెటర్లు ఒకరం చూసుకుంటున్నాం, అంకెలు మాత్రం ఒకరు పైకి విడివిడిగా చదువుతుంటే ఇంకొకరు దిద్దుతున్నాం. పోయిన వారం కస్టమర్ మీటింగ్ ఇన్విటేషన్‌లో వారానికీ తేదీకీ పొంతన లేదు, అంకెల చుట్టులో దొరికింది, అది నలభై మందికి వెళ్లాల్సింది. అకౌంట్స్ వాళ్లకి సబ్జెక్ట్ లైన్లోనే విషయం పెట్టి రాస్తే అదే రోజు జవాబులొస్తున్నాయి.

ఒక చిన్న డౌట్, ప్రింట్ మీద దిద్దేటప్పుడు ఒక మాట కొట్టేశాను, తర్వాత చూస్తే మొదట ఉన్నదే కరెక్ట్. దాన్ని మళ్లీ పైన రాస్తే అక్క తికమక పడింది. దానికేమైనా గుర్తు ఉందా?

పాత_ప్రెస్:

ఉందమ్మా. కొట్టేసిన మాట కింద వరసగా చుక్కలు పెట్టు, పక్కన మార్జిన్‌లో స్టెట్ అని రాయి. లాటిన్ మాట, ఉన్నది ఉన్నట్టే ఉండనీ అని అర్థం. మీ అక్కకి కూడా చెప్పు, ఇద్దరికీ తెలిస్తేనే పనికొస్తుంది. వర్డ్‌లో ప్రతి మార్పునీ గుర్తుపెట్టి చూపించే ట్రాక్ ఛేంజెస్ పెట్టి చేస్తుంటే ఆ మార్పు మీద రిజెక్ట్ కొడితే పాతది తిరిగొస్తుంది, బయటికి పంపే ముందు మాత్రం ఒక్క మార్పు కూడా మిగలకుండా అన్నీ తేల్చేసి పంపు.